కొత్త కారు వాసన ఎవరికి ఇష్టం?

మా ఇంటికి కారు వచ్చి ఏడాది కావస్తోంది. షోరూం నుంచి నేరుగా దుర్గమ్మ కొండ దగ్గరికి తీసుకెళ్లి పూజ చేయించాం. బంతిపూల దండ, పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు... అన్నీ సలక్షణంగా జరిగాయి. పూజయ్యాక మా వారు డ్రైవింగు సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చి, "అబ్బ, కొత్త కారు వాసనే వేరు!" అన్నారు. వెనక సీట్లో అత్తయ్యగారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడ అప్పటికే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

ఆ ఆదివారమే మా పుట్టింటికి, మొవ్వకి ప్రయాణం. అద్దాలు బిగించి, ఏసీ వేసి బందరు రోడ్డెక్కాం. కంకిపాడు దాటేసరికి నాకు నోట్లో నీళ్లూరడం మొదలైంది. ఉయ్యూరు దగ్గర పాప "అమ్మా, కడుపులో తిప్పుతోంది" అంది. నా పక్కనున్న అద్దం దించుదామని మీట నొక్కితే అది కదల్లేదు. పిల్లలు ఆడతారని వెనక అద్దాల మీటలన్నీ ముందునుంచే లాక్ చేశారట! "కాస్త దించండి" అంటే "దుమ్మొస్తుంది, ఏసీ దండగ" అన్నారు. పామర్రు చేరకముందే ఆ కొత్త సీటు మీద జరగాల్సింది జరిగిపోయింది. తుడిచిందెవరో వేరే చెప్పాలా? పైగా "మీ ఆడవాళ్లకి కార్లు పడవు, బస్సులకి అలవాటుపడ్డ ప్రాణాలు" అని ఓ మాట.

మర్నాడు ఆయన ఆటోనగర్ వెళ్లి సెంటు బుడ్డి ఒకటి తెచ్చి, ఏసీ గాలి వచ్చే చోట తగిలించారు. నిమ్మకాయ వాసనట. చక్రాల కింద నిమ్మకాయ దిష్టి తీసిందేమో గానీ ఈ నిమ్మకాయ మా ప్రాణం తీసింది. పాత వాసన పోలేదు, దానికి ఇంకోటి తోడయింది. చేపల బుట్ట మీద అత్తరు చల్లినట్టుంది.

డిగ్రీలో నేను కెమిస్ట్రీ చదివాను. చదివింది పోపులపెట్టెలోకి పోయిందనుకున్నాను గానీ, ఈసారి పనికొచ్చింది. కొత్త కారు వాసనంటే ఇంకేమీ కాదు. లోపలి ప్లాస్టిక్, సీట్ల ఫోము, రెక్సిను, వాటిని అతికించిన జిగురు వదిలే ఆవిర్లు. బెంజీన్, టోలీన్, ఫార్మాల్డిహైడ్ లాంటివి ఉంటాయందులో. కొన్ని నెలలకి తగ్గిపోతాయి గానీ, ఎండకి మాత్రం విజృంభిస్తాయి. మన బెజవాడ ఎండ సంగతి తెలిసిందేగా! బయట 40 డిగ్రీలుంటే, తలుపులు బిగించి ఎండలో పెట్టిన కారు గంటలో 60 దగ్గరికి పోతుంది. అందులోకెక్కి వెంటనే ఏసీ వేసి, ఆ గాలినే తిప్పి తిప్పి పీల్చుకుంటాం. చైనాలో జనానికి ఈ వాసనంటే గిట్టదు. 2012 నుంచి అక్కడ కారు లోపలి గాలిలో ఎనిమిది రకాల ఆవిర్లకి ఫలానా హద్దు దాటకూడదని ప్రమాణాలు పెట్టుకున్నారు. వాళ్లవీ ఆడవాళ్ల నాజూకు ముక్కులేనంటారా?

సెంటు సంగతికొస్తే, అద్దానికి వేలాడే ఆ కాగితం చెట్టు బొమ్మ అమెరికాలో 1952లో పుట్టింది. ఒలికిన పాల కంపు భరించలేక పాలబండి డ్రైవరొకాయన మొరపెట్టుకుంటే, ఓ కెమిస్టు తయారుచేశాడని చెబుతారు. పాలు ఒలికితే బండి కడగాలి గానీ సెంటు పూస్తారా? ఏ ఇల్లాలినడిగినా చెప్పేది ఆ మాట. నిమ్మ వాసన కోసం కలిపే లిమొనీన్ గాలిలోని ఓజోన్‌తో కలిస్తే మళ్లీ కొంత ఫార్మాల్డిహైడే పుడుతుంది. డబ్బిచ్చి కొనుక్కోవడం దేనికండీ?

బస్సులో నాకు ఒక్కసారీ వాంతి కాలేదని కోతలు కొయ్యను. కుదుపు చెవికి తెలిసి కంటికి తెలియకపోతే ఎవరికైనా తల తిరుగుతుంది, దానికి ఘాటు వాసన తోడైతే మరీనూ. కానీ చిన్నప్పుడు అమ్మతో ఆర్టీసీ బస్సెక్కితే కిటికీ నా చేతిలో ఉండేది. ఉయ్యూరు వచ్చిందని ఫ్యాక్టరీ మడ్డి వాసనే చెప్పేది. ఆ తర్వాత కాలవ నీళ్లు, తడిసిన వరి, ఎవరి జడలోంచో మల్లెపూలు. అన్నీ సువాసనలే అనను, కోళ్ల గంప కూడా ఎక్కేది. అయినా ఏ వాసనా నిలిచేది కాదు.

మా వారితో నేను పోట్లాడలేదు. ఓ మధ్యాహ్నం ఎండలో పెట్టిన కారులో, ఏసీ వెయ్యకుండా, వెనక సీట్లో అయిదు నిమిషాలు కూర్చోమన్నాను. మూడు నిమిషాలకే దిగిపోయారు. సెంటు బుడ్డి ఆ సాయంత్రమే మాయమైంది. ఇప్పుడు ఎక్కేముందు నాలుగు తలుపులూ తీసి పెడతాం, మొదటి రెండు మూడు కిలోమీటర్లు అద్దాలు దించే నడుపుతారు. ఏసీ వేసినా బయటి గాలి వచ్చే మీటే నొక్కుతారు. వెనక అద్దాల లాక్ మాత్రం తీయడానికి ఇంకో నెల పట్టింది.

మొన్న సంక్రాంతికి మొవ్వ వెళ్తూ అత్తయ్యగారిని ముందు సీట్లో కూర్చోబెట్టాం. కూచిపూడి దాటగానే ఆవిడ ఎవరినీ అడక్కుండా అద్దం పూర్తిగా దించేసి, "ఒరే, గడ్డివాముల వాసనరా" అన్నారు. మా వారు ఏసీ ఆపేశారు.