చౌక మనిషి ఉన్నచోట మిషన్ పుట్టదు



పోయిన నెల ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు సెమినార్‌కి పిలిచారు. అంశం: ప్రపంచ మార్కెట్లలో కంపెనీల ఇన్నోవేషన్. మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే ఒక సార్ గంటన్నర మాట్లాడారు. చివర్లో "సామాజిక కోణం" అని నాకు పది నిమిషాలు ఇచ్చారు. అప్పటికే భోజనాల వేళయింది, సగం హాలు ఖాళీ. అయినా వెనక బెంచీలోంచి ఒక చెల్లె లేచి అడిగింది: "అన్నా, సార్ చూపించిన మిషన్లల్ల మ్యాన్‌హోల్ సాఫ్ చేసే మిషన్ ఒక్కటి గూడ లేదేంది?"

నేను నోరు తెరిచేలోపు వందన సమర్పణ మొదలుపెట్టారు. ఆ చెల్లెకి ఇవ్వాల్సిన జవాబే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది. ఓపిక చేసుకుని చదవండి.

ముందుగా, ఆ సార్ చెప్పినదాంట్లో తప్పులేదు. వెనకటికి పెద్ద కంపెనీలు అమెరికాలోనో జర్మనీలోనో ఒక వస్తువు తయారుచేసి, అందులోంచి రెండు సౌకర్యాలు పీకేసి, ధర కాస్త తగ్గించి మనలాంటి దేశాల్లో అమ్మేవి. ఆ పద్ధతితో పైనున్న కొద్దిమందికి తప్ప ఎవరికీ అందేది కాదు. తర్వాత కొన్ని కంపెనీలు దారి మార్చాయి. జీఈ కంపెనీ మన పల్లెల కోసం వెయ్యి డాలర్లలో చేతిలో పట్టుకుపోయే ఈసీజీ మిషన్, చైనా పల్లెల కోసం 15 వేల డాలర్లలో చిన్న అల్ట్రాసౌండ్ మిషన్ తయారుచేసింది. ఆ రెండూ తిరిగి అమెరికాలో కూడా అమ్ముడుపోయాయి. 2009లో విజయ్ గోవిందరాజన్, క్రిస్ ట్రింబుల్ జీఈ అధిపతితో కలిసి దీని మీద రాసిన వ్యాసంతోనే "రివర్స్ ఇన్నోవేషన్" అనే మాట బిజినెస్ స్కూళ్లలో పాకింది. 2003లో నోకియా 1100 వచ్చింది. దుమ్ము దూరని కీప్యాడ్, పైన టార్చిలైటు. ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

సార్ చెప్పిన సూత్రం ఒక్కటే. అమ్మబోయే చోటికి వెళ్లు, అక్కడి బతుకు చూడు, దానికి తగ్గట్టు మొదటినుంచి తయారుచెయ్యి.

నేను ఒప్పుకుంటాను. మా ఇంట్లోకి వచ్చిన మొదటి ఫోన్ ఆ టార్చి ఫోనే. తెల్లారుజామున నాలుగింటికి మా అమ్మ రోడ్లు ఊడ్చే పనికి ఆ వెలుతురులోనే నడిచి పోయేది. కరెంటు పోయిన రాత్రుళ్లు నేను ఆ వెలుతురులోనే పరీక్షలకు చదివాను. ఫిన్లాండ్ కంపెనీవాడికి మా చీకటి కనబడిందంటే సంతోషమే.

నా ప్రశ్న వేరు. అక్కడి బతుకు చూడమంటున్నారు సరే, ఎవరి బతుకు? చూసేది ఎవరు? చూసినవాడికి ఏది సమస్యగా కనబడుతుంది, ఏది కనబడదు?

షాంపూ ప్యాకెట్ సంగతి తీసుకుందాం. పేదల దగ్గర కూడా పెద్ద మార్కెట్ ఉందని సి.కె. ప్రహ్లాద్ 2004లో పుస్తకం రాశాడు. చిన్న ప్యాకెట్లలో అమ్మడం ఆ వాదనకు ఇచ్చే ఉదాహరణల్లో బాగా పేరున్నది. ఆ ఆలోచన మన పక్కనే, తమిళనాడులోని కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయనతో ఊపందుకుంది. ఆయన కొడుకు పెట్టిన చిక్ షాంపూ అర్ధరూపాయి ప్యాకెట్‌తో పల్లెల్లోకి వెళ్లింది. మా పేటలో కిరాణా కొట్టు ముందు దండల్లా వేలాడేవి ఆ ప్యాకెట్లు. నేను వాటిని ఎగతాళి చెయ్యను. వెక్కిరించే పిల్లల పక్కన మా చెల్లెళ్లు షాంపూ వాసనతో, విప్పారిన జుట్టుతో తలెత్తుకుని కూర్చోవడం మాకు చిన్న విషయం కాదు.

కానీ సార్ స్లైడు కిరాణా కొట్టు దగ్గరే ఆగిపోయింది. ఖాళీ ప్యాకెట్ అక్కడ ఆగదు. రకరకాల పొరలు అతికించి చేసిన ప్యాకెట్ అది. విడదీసి కరిగించడం గిట్టుబాటు కాదు. కబాడీ దుకాణంవాడు కొనడు, కాబట్టి చిత్తు ఏరుకునేవాళ్లు కూడా ముట్టరు. అది మోరీలో పడుతుంది. మోరీలోంచి పెద్ద లైనులోకి పోతుంది. లైను జామ్ అవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు దిగాలి.

మా మేనమామ దిగేవాడు.

హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టరు కింద ఇరవై ఏళ్లకు పైగా దిగాడు. మూత తెరిచి కాసేపు ఆగడం, అగ్గిపుల్ల గీసి లోపలికి వెయ్యడం, గోడల మీద బొద్దింకలున్నాయా అని చూడటం. "బొద్దింకలు తిరుగుతున్నయంటే మనం గూడ బతుకుతం అల్లుడా" అనేవాడు. మా మామ దగ్గరున్న గ్యాస్ డిటెక్టర్ ఆ బొద్దింక. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు ఆ వాసనే పట్టలేదు. అంటే కంపు తగ్గిందనుకున్న క్షణమే అసలు ప్రమాదం. అగ్గిపుల్లతో ఇంకో చావు ఉంది. లోపల మీథేన్ ఉంటే భగ్గుమంటుంది. ఇవేవీ ఆయనకు ఎవరూ నేర్పలేదు. పక్కవాళ్ల చావులు చూసి నేర్చుకున్నాడు. ఒకరోజు ఆయన జతగాడు లోపలికి పోయి పైకి రాలేదు. ఆ తర్వాత మామ మళ్లీ దిగలేదు.

మరి ప్రపంచంలో మిషన్లు లేవా? ఉన్నాయి. నీళ్లు ఒత్తిడితో కొట్టి, బురద పీల్చే పెద్ద పెద్ద లారీలు ఎప్పటినుంచో ఉన్నాయి. నియమాలు లేవా? అవీ ఉన్నాయి. గాలి ఆడని ఇరుకు చోట్లలోకి మనిషిని పంపేముందు గాలి పరీక్షించాలి, అనుమతి పత్రం ఉండాలి, బయట ఒక మనిషి కాపలా ఉండాలి, పైకి లాగే ఏర్పాటు ఉండాలి అని అమెరికా కార్మిక భద్రతా సంస్థ 1993లో నియమం తెచ్చింది. సరిగ్గా అదే 1993లో మన పార్లమెంటు చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ అది పొడి మరుగుదొడ్ల చట్టం. రక్షణ లేకుండా మురుగు లైన్లలోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దించడం నేరమని చట్టంలో రాయడానికి 2013 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు.

ఇక్కడే సెమినార్ సూత్రం పనికిరావాల్సింది. ఆ లారీలు వెడల్పు రోడ్లకు తయారైనవి. మన గల్లీల్లోకి దూరవు. విదేశీ వస్తువు ఇక్కడి అవసరానికి సరిపోని కేసు ఇంతకంటే స్పష్టంగా ఏముంది? చిన్నది చెయ్యాలి, అంతే. ఈసీజీ మిషన్‌ని చేతి సంచిలో పట్టించినవాళ్లకు ఇది బ్రహ్మవిద్య కాదు. మరెందుకు ఇన్నేళ్లు ఎవరికీ తట్టలేదు?

ఎందుకంటే ఆ సమస్య అప్పటికే "పరిష్కారం" అయిపోయింది. ఆ పరిష్కారం గల్లీలో పడుతుంది, డీజిల్ అడగదు, చెడిపోతే రిపేరు ఖర్చు లేదు, ఇంకోటి దొరుకుతుంది. ఆ పరిష్కారం మా మామ. ప్రభుత్వం ఈమధ్య నగరాల్లో మురుగు పనివాళ్ల వివరాలు సేకరిస్తే, లెక్కకొచ్చిన 38 వేల మందిలో దాదాపు 69 శాతం ఎస్సీలే. కులం చౌక మనిషిని తయారుచేసి పెట్టింది. చౌక మనిషి ఉన్నచోట మిషన్ పుట్టదు. వృత్తి మారనివ్వని వ్యవస్థ ఆర్థికంగా కూడా నష్టమేనని బాబాసాహెబ్ 1936లోనే వాదించాడు. ఇన్నోవేషన్ పాఠాల్లో ఆయన్ని ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

కొన్ని పనులు జరిగాయి, అవీ చెప్పాలి. 2017లో హైదరాబాద్ జలమండలి గల్లీల్లో దూరే 70 చిన్న జెట్టింగ్ మిషన్లు దించింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ అందులో భాగస్వామి. 2019లో ఢిల్లీ 200 మిషన్లతో అదే బాట పట్టింది. మురుగు పనివాళ్ల కుటుంబాలనే మిషన్ల యజమానులుగా చెయ్యాలన్న ఆలోచన అక్కడ ముందుకొచ్చింది. 2018లో కేరళ కుర్రాళ్ల కంపెనీ జెన్‌రోబోటిక్స్ బ్యాండికూట్ అనే రోబోను తెచ్చింది. ఇవి అసలైన ఇన్నోవేషన్లు. ఇలాంటివాటిని స్లైడ్ల మీదికి ఎక్కించండి.

అయినా 2021 ఆగస్టులో ఇదే హైదరాబాద్‌లో, సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లో ఇద్దరు కార్మికులు చనిపోయారు. అంటే నగరంలో మిషన్ ఉన్నంత మాత్రాన మనిషి దిగడం ఆగదు. మిషన్ పిలిపించడం కంటే మనిషిని దించడం తేలికగా, చౌకగా ఉన్నన్నాళ్లూ మనిషే దిగుతాడు. సుప్రీంకోర్టు 2014లో ఇలాంటి చావుకు 10 లక్షలు, 2023లో 30 లక్షలు పరిహారం అంది. ప్రాణానికి రేటు కట్టడం నాకు కడుపులో తిప్పుతుంది. కానీ లెక్కల భాషే అర్థమయ్యేవాళ్లకు ఆ లెక్కే చెప్పాలి. చావు ఖరీదైతేనే మిషన్ చౌకవుతుంది.

ఇంకో సంగతి. మా గల్లీకి మొదటిసారి చిన్న మిషన్ వచ్చినరోజు మామ గడప మీద కూర్చుని చూస్తున్నాడు. "పైపు ఆ మూలమీద వంపు కాడ ఆగుతది" అన్నాడు. ఆపరేటర్ నవ్వాడు. పైపు అక్కడే ఆగింది. నేలకింద ఏ లైను ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ ఇటుకలు కూలి ఉన్నాయో మామ ఒళ్లు చెబుతుంది. కంపెనీలు లక్షలు పోసి "మార్కెట్ రీసెర్చ్" చేయిస్తాయి. ఆ ఇరవై ఏళ్ల రీసెర్చ్ గడప మీద ఊరికే కూర్చుని ఉంది.

కొత్త దేశానికొచ్చిన కంపెనీ ముందు ఒక "లోకల్ పార్ట్‌నర్"ని వెతుక్కుంటుంది. ఆ పార్ట్‌నర్ ఎవరు? ఏ కాలనీ మనిషి? మురుగు అంటే ఫోన్ కొడితే మాయమయ్యేదని తెలిసిన ఇంట్లో పెరిగినవాడికి అందులో డిజైన్ సమస్య ఎలా కనబడుతుంది? స్థానిక జ్ఞానంతో పాటు స్థానిక కులం కూడా కంపెనీలోకి నడిచి వస్తుంది. అది ఇక్కడే ఆగదు, విమానం కూడా ఎక్కుతుంది. కాకపోతే టెక్ కంపెనీల నగరం సియాటిల్ 2023లో కులవివక్షను నిషేధిస్తూ చట్టం ఎందుకు చేసుకోవాల్సి వచ్చింది?

"కంపెనీ ధర్మసత్రం కాదు, లాభం లేనిదే ఎందుకు చేస్తుంది?" అని అడుగుతారు. సరే, లాభం మాటే మాట్లాడదాం. పాకిస్తాన్ నగరాల్లో మురుగులోకి దిగేవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు. వాళ్ల ముత్తాతలు అంటరాని కులాలవాళ్లు. ఢాకాలో పారిశుధ్య పని చేసేవాళ్లలో హరిజన కాలనీలవాళ్లు చాలామంది. అక్కడా ఇరుకు గల్లీలే, అక్కడా నగరపాలక సంస్థలే కొనుగోలుదారులు. హైదరాబాద్ గల్లీలో గెలిచిన మిషన్‌కి మార్కెట్ లేదని ఎవరన్నారు?

అందుకే కంపెనీలను మనం అడగాల్సినవి ఇవి. పేదవాడు ఏం కొంటాడని మాత్రమే కాదు, ఏ వస్తువు లేక ఎవరు చస్తున్నారని అడగండి. ఆ పని చేసే మనిషిని ఫొటోకి కాదు, జీతమిచ్చి డిజైన్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. మీ సొంత దేశంలో పాటించే భద్రతా నియమాన్నే మా దేశంలో మీ సబ్ కాంట్రాక్టరు చేత కూడా పాటించించండి. వస్తువు అమ్మిన చోటనే కాదు, దాని చెత్త చేరిన చోట కూడా బాధ్యత తీసుకోండి. మిషన్ వచ్చాక దిగినవాడిని ఇంటికి పంపకండి, దాని తాళం అతని చేతికివ్వండి. బ్యాంకు లోనుతో ఇస్తే, నగరం బిల్లు ఆలస్యమైన నెల వాయిదా ఎవరు కడతారో కూడా కాగితం మీద రాయండి.

ఇక చెల్లె, ఈ పోస్టు నీకు చేరితే ఒక్క మాట. ఫైనలియర్ ప్రాజెక్టుకి మీ బ్యాచ్ ఏం చెయ్యబోతోందో నాకు తెలియదు. మ్యాన్‌హోల్ మీద చేస్తానంటే మామని అడిగి పెడతాను. రోజు కూలి ఇచ్చి తీసుకుపొండి, ఆటో ఛార్జీ కూడా. వంపు దగ్గర పైపు ఎందుకు ఆగుతుందో ఆయన చెబుతాడు. రిపోర్టు మీద మీ పేర్లతో పాటు ఆయన పేరు కూడా రాయండి. "కృతజ్ఞతలు" పేజీలో కాదు. మొదటి పేజీలో.

జై భీమ్.