పొలం అమ్మకుండా పైకం

చర్లపల్లి రైల్వే టెర్మినల్‌ను 2025 జనవరి 6న ప్రారంభించారు. దూర ప్రయాణాల రైళ్లు మన ముంగిటికే రావడం సంతోషించదగినదే. కాని రైలు ఆగిన చోట నేల ధర ఆగదు. ఘట్‌కేసర్, కీసర మండలాలలో ఇంకా నాలుగు మడులు మిగుల్చుకున్న రైతు ఇంటికి వచ్చే దళారుల సంఖ్య ఇకముందు పెరుగుతుందే కాని తగ్గదు.

ఉప్పల్, నాచారం, చర్లపల్లి ఒకప్పుడు చెరువు కింద వరి పండించిన పల్లెలే. 1967లో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. వెనువెంట పారిశ్రామిక వాడలు వెలిశాయి. 2007లో ఈ ప్రాంతమంతా మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. ఫ్యాక్టరీల వల్ల వేలమందికి జీతం దొరికిన మాట కాదనలేము. అయితే నేడు చర్లపల్లిలో చెప్పుకోదగ్గ సేద్యం చూడాలంటే ఖైదీల వ్యవసాయ క్షేత్రం వైపు వెళ్లవలసిందే. అది సర్కారు భూమి, అమ్ముకునే అధికారం ఎవరికీ లేదు గనుక మిగిలింది. స్వేచ్ఛగా ఉన్న రైతు పొలం పోయి శిక్ష పడినవాని పొలం నిలవడం వింతే మరి!

సాగుభూమిని కాపాడే చట్టాలు లేవా అంటే, ఉన్నట్లే కనిపిస్తాయి. సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చాలంటే అనుమతి పొంది రుసుము కట్టాలని 2006 నాటి చట్టం చెబుతున్నది. నిజానికి అది ఆపే చట్టం కాదు, వసూలు చేసే చట్టం. 2013లో వెలువడిన హెచ్.ఎం.డి.ఎ. మాస్టర్ ప్లాన్‌లో కన్సర్వేషన్ జోన్ అని ఒకటి గీశారు. అర్జీ పెట్టి, రుసుము చెల్లించి భూ వినియోగం మార్చుకునే దారి అక్కడా ఉన్నది. స్తోమత గలవాడు మార్పించుకుంటాడు. లేనివాడు జోన్‌లో ఉన్న నేల అన్న పేరుతో తక్కువ ధరకు ఆ స్తోమత గలవానికే అమ్ముకుంటాడు.

గట్టి ఆంక్షల కథ కూడా మనం చూశాము. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడేందుకు 1996 మార్చి 8న 111వ నంబరు జీవో వచ్చింది. 84 గ్రామాలలో పెద్ద కట్టడాలను నిషేధించింది. చెరువులకు మేలు జరిగింది, పట్నం మంచినీళ్లు తాగింది. ఆ 84 గ్రామాల రైతులకు మాత్రం ఎవరూ ఒక్క రూపాయి నష్టపరిహారం చెల్లించలేదు. పొరుగు గ్రామంలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ చేయి కట్టివేశారని వారు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. చివరకు 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో ఆంక్షలు సడలించారు. 2015 చివర అమరావతి పరిసరాలలో వ్యవసాయ పరిరక్షణ మండలాలు ప్రతిపాదించినప్పుడు కృష్ణా, గుంటూరు రైతులు అభ్యంతరం చెప్పినదీ ఇందుకే. లోకానికి మేలు, రైతుకు నష్టం అనే ఏర్పాటు ఎంత మంచిదైనా నిలవదు.

ఇందుకు వేరొక పద్ధతి అమెరికాలో ఉన్నది. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీ అనే పాడి ప్రాంతంలో 1980లో ఒక ట్రస్టు ఏర్పడింది. స్థాపకులలో ఒకరు పాడి రైతు మహిళ కావడం గమనార్హం. దీనిని అక్కడ కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు. ఎకరం ప్లాట్ల కింద కోటి రూపాయలు, సేద్యం కింద ముప్పై లక్షలు పలుకుతుందనుకుందాం. తేడా డెబ్బై లక్షలు. ట్రస్టు ఆ తేడాను రైతుకు చెల్లించి, ఇక్కడ ఇళ్లు కట్టబోమని పత్రం రిజిస్టరు చేయించుకుంటుంది. పొలం రైతుదే. దున్నుకోవచ్చు, కౌలుకు ఇవ్వవచ్చు, అమ్మవచ్చు, బిడ్డలకు పంచవచ్చు. కొన్నవాడు కూడా ఆ షరతుకు కట్టుబడాలి. బిడ్డ పెండ్లికి, బోరు అప్పుకు పొలం అమ్ముకునే రైతుకు ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు.

మన దేశంలో దీనికి చట్టం అడ్డు వస్తున్నది. పక్క పొలం మీదుగా బండిబాట, కాలువ నీరు వంటి హక్కులకు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉన్నది. కాని ఆ హక్కు మరొక భూమి అనుభవానికి ముడిపడి ఉండాలి. పక్కన సెంటు భూమి లేని ట్రస్టుకు అది వర్తించదు. అయితే భూమి రాష్ట్ర జాబితాలోని విషయం గనుక శాసనసభ తలచుకుంటే కొత్త చట్టం చేయవచ్చు.

డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్న న్యాయమైనదే. హైదరాబాదు చుట్టూ ఉన్న ధరలకు ఏ ట్రస్టూ తట్టుకోలేదు. కాని భూ మార్పిడి రుసుము సర్కారుకు ముడుతూనే ఉన్నది. అందులో కొంత భాగాన్ని సాగు నిలుపుకునే రైతుల నిధికి మళ్లిస్తే తప్పేమిటి? రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి టీడీఆర్ పత్రాలు ఇస్తున్నారు. బిల్డర్లు వాటిని కొంటున్నారు. రోడ్డు కోసం ఇచ్చినవానికి దక్కేది పంట కోసం నిలబడినవానికి ఎందుకు దక్కరాదు?

చర్లపల్లికి ఇప్పుడు ఈ మందు పనిచేయదని ఒప్పుకోవాలి. ఔటర్ రింగు రోడ్డు అవతలనే అవకాశం ఉన్నది. అక్కడ కూడా నేలతోపాటు నీటిని కాపాడకపోతే పత్రానికి విలువ లేదు. ఉప్పల్ దాటి మూసీ వెంట రైతులు మురుగునీటితో వరి, పారాగడ్డి పెంచి పట్నం పాడి గేదెలకు మేత పంపుతున్న సంగతి అందరికీ తెలిసినదే.

వచ్చే శాసనసభ సమావేశాలలో మన జిల్లా సభ్యులు ఈ విషయం ప్రస్తావించవలసి ఉన్నది. ఈలోగా దళారి తెచ్చిన అగ్రిమెంటుపై వేలిముద్ర వేయకముందే, తన సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్ కింద ఉన్నదో ప్రతి రైతూ హెచ్.ఎం.డి.ఎ. కార్యాలయంలో విచారించుకోవడం మంచిది. ఆ సంగతి దళారికి ముందే తెలిసి ఉంటుంది.