బొమ్మ ఒకటే, గొంతు గూడ ఒకటేనా?

టీవీల క్రికెట్ వెట్టుకొని సౌండు బందు వెట్టి చూసేటోళ్లు మా సిద్దిపేటల మస్తు మంది కనవడ్తున్నరు. ఆట మీద పానం ఉన్నోళ్లే గిట్ల చేస్తున్నరు. బౌలర్ ఉరికొస్తుంటె కామెంటేటర్లు వాళ్లల్ల వాళ్లు కుళ్లు జోకులేసుకుంటరు. ఫీల్డర్‌ను ఎందుకు జరిపిండ్రో చెప్పరు, పిచ్ ఎట్ల మారిందో చెప్పరు. సిక్స్ కొట్టినా, సింగిల్ తీసినా ఒకటే కేక.

తెలుగు కామెంటరీ వద్దని కాదు నా ముచ్చట. 2018 డిసెంబర్ల స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చినప్పుడు సంబురపడ్డోళ్లల్ల నేనొకణ్ని. ఇంగ్లీషు రానోళ్లకు గూడ ఆట సమజైతదనుకున్న. కాని అండ్ల తెలంగాణ మాట ఇనవడేది ఎక్కువ నవ్విచ్చెటందుకే. సినిమాలల్ల మన యాసను ఏండ్లకొద్ది కమెడియన్‌కు, రౌడీకి అప్పజెప్పినట్టే ఇదిగూడ. ఆటను ఇడమర్చి చెప్పెతందుకు మన భాష పనికిరాదా?

2023 ఐపీఎల్‌ను జియో సినిమా 12 భాషలల్ల చూపెట్టింది. అండ్ల భోజ్‌పురి ఉన్నది. మరుసటేడు హర్యాన్వీ కలిసింది. జనాభా లెక్కలల్ల ఈ రెండిటిని హిందీ కిందనే రాస్తరు. అయినా వాటికి వేరే గొంతు దొరికింది. గిరాకి ఉన్నదనుకుంటె కంపెనీలకు యాస అడ్డం గాదన్నట్టు.

టెక్నాలజీ గూడ అడ్డం గాదు. స్టేడియం చప్పుడు వేరే మైకులల్ల వస్తది, కామెంటరీని దాని మీద కలుపుతరు. ఒక్క బొమ్మ ఎంబడి రెండు మూడు ఆడియోలు పంపొచ్చు. అమెరికాల 1980 డిసెంబర్ 20 నాడు ఎన్‌బీసీ ఛానల్ వాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్ ఒకటి కామెంటేటర్లు లేకుంటనే చూపెట్టింది. 2021 నుంచి ఈఎస్‌పీఎన్ అసలు ప్రసారం పక్కన మ్యానింగ్ అన్నదమ్ముల ముచ్చట్లతోని ఇంకోటి నడుపుతున్నది. ఇంగ్లండ్‌ల టీవీ సౌండు బందు వెట్టి బీబీసీ రేడియో ఇనుడు పాత అలవాటే. కాని డిజిటల్ టీవీ రేడియో కంటె ఎన్కకు వస్తది, రేడియోల ముందుగాలనే వికెట్ పడ్తది. అందుకే టీవీలనే ఆప్షన్ ఉండాలె.

కండ్లు కనవడనోళ్లకు ఇది సోకు గాదు, అవసరం. "చూడుండ్రి, ఎట్ల కొట్టిండో" అని కేక వెడ్తె వాళ్లకు ఏం సమజైతది?

నేనడిగేటియి మూడే. కామెంటరీ లేని స్టేడియం చప్పుడు ఒకటి. రేడియో తీరుగ బంతి బంతికి బొమ్మ కట్టి చెప్పే ఆడియో ఒకటి. తెలంగాణ మాటల ఆట చెప్పే గొంతు ఒకటి. చెప్పెటోళ్లు లేరనద్దు. ఊర్లల్ల కబడ్డి టోర్నమెంట్ల మైకు వట్టినోళ్లను ఇనుండ్రి, రైడర్ కాలు ఏడ వెట్టిండో కండ్ల ముందట వెడ్తరు.

2007ల పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, దేశానికి ముఖ్యమని కేంద్ర సర్కారు ప్రకటించిన మ్యాచుల సిగ్నల్‌ను ప్రైవేటు ఛానళ్లు తమ అడ్వర్టైజ్‌మెంట్లు తీసేసి ప్రసార భారతికి ఇయ్యాలె. అదే ప్రసార భారతి చేతిల మన దూరదర్శన్ యాదగిరి, ఆకాశవాణి హైదరాబాద్ ఉన్నయి. కనీసం ఆ మ్యాచులకన్న ఒక తెలంగాణ గొంతు ఎందుకు వెట్టరాదు? మన ఎంపీలు ఢిల్లీల అడుగాలె. ఏటా సెప్టెంబర్ 9 నాడు కాళోజీ జయంతికి తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నం. వచ్చే సెప్టెంబర్ల దండ ఏసేతందుకు వచ్చే లీడర్లను ఈ సంగతి నిలదీసి అడుగుండ్రి.