పూటకూళ్ల ఇంటి ఖర్చు సరే, దారిలో గాయం కట్టేదెవరు?



ఇంటర్ పరీక్షలు అయిపోయాక కాలేజీలో చేరేలోగా పిల్లలకు రెండు మూడు నెలలు ఖాళీ దొరుకుతుంది. ఫలితాల కోసం, కౌన్సెలింగు కోసం ఎదురుచూస్తూ గడిపే కాలమది. వల్లూరు నుండి మా ఆసుపత్రికి వచ్చే ఒక కుటుంబంలోని అమ్మాయి ఈ వేసవిని ఎలా గడిపిందో మా పాఠకులకు చెప్పాలనిపించింది. వారి అనుమతితోనే రాస్తున్నాము. పేరు మాత్రం రాయడం లేదు.

ఆ అమ్మాయి బైపీసీ చదివింది. నర్సింగులో చేరాలని కోరిక. మే నెలలో చర్చిలో వి.బి.ఎస్. పిల్లలకు పాటలు నేర్పింది. ఆ తరగతులు ముగిసిన రెండు రోజులకే, తెల్లవారుజామున అవ్వ మూతి ఒక పక్కకు వంగిపోయింది. కుడి చెయ్యి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. 108కు ఫోన్ చేస్తే బండి వచ్చింది. కడపలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. కార్డు ఉంది గనుక వైద్యానికి బిల్లు కట్టవలసిన పని లేకపోయింది. అవ్వ బ్రతికింది. దేవునికి స్తోత్రం. కానీ ఆ చెయ్యి మునుపటిలా తిరిగి రాలేదు. వేసవి అంతా మనవరాలే అవ్వను పక్కకు తిప్పింది, ముద్ద కలిపి పెట్టింది, చేతికి వ్యాయామం చేయించింది.

అవ్వకు బి.పి. ఉన్నదని ఇంట్లో అందరికీ తెలుసు. మాత్రలు ఎప్పుడో ఆగిపోయాయి. ఎందుకు ఆపారని మేము అడిగితే రెండు జవాబులు వచ్చాయి. ఒకటి, ఒంట్లో బాగానే ఉంది కదా అని. రెండవది, కార్డు ఉంది కదా, ఏమైనా వస్తే అప్పుడు చూసుకుంటారులే అని. ఈ రెండవ జవాబు మమ్మల్ని చాలా ఆలోచింపజేసింది.

సాయంత్రమైతే ఆ ఇంట్లో టీవీ చర్చ మొదలయ్యేది. పెదనాయన ఒక పార్టీ, మేనమామ మరొక పార్టీ. పథకానికి ఎవరి పేరు ఉండాలి, ఎవరు ఎన్ని లక్షలు చేశారు, ఎవరు బకాయిలు పెట్టారు అని వాదన. ఒకరోజు ఆ అమ్మాయి అవ్వను మా ఓ.పి.కి తీసుకొచ్చి, కళ్లనీళ్లు పెట్టుకుని ఇలా అన్నది: "మంచం పక్కన కూచోని గంటసేపు పేరు గురించి కొట్లాడుకుంటారు సార్. అవ్వ ఈ రోజు మాత్ర ఏసుకుందా అని ఒక్కరూ అడగరు." ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పథకం చిన్న మేలు కాదు. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలైంది; 2008లో రాష్ట్రమంతటికీ వచ్చింది. తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల రూపాయల వరకు వైద్యం. అంతకు ముందు గుండె ఆపరేషన్ అంటే మన ప్రాంతంలో సగం ఎకరా అమ్మడమో, పుస్తెలు కుదువ పెట్టడమో. దానిని మొదలుపెట్టిన ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు స్వయంగా వైద్యులు. యౌవనంలో జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశారు. 1973లో తండ్రి పేరుతో పులివెందులలో 70 పడకల ధర్మాసుపత్రి పెట్టారు. 2014 తరువాత పథకం ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2019 తరువాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. మధ్యలో 2018లో కేంద్రం ఐదు లక్షల పరిమితితో ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో పరిమితి 25 లక్షలకు పెరిగింది. పేరు మార్చినవారే గాని, పథకాన్ని ఎత్తివేసినవారు లేరు. అంటే పేదవాని ఆపరేషన్‌కు ప్రభుత్వం డబ్బు కట్టాలన్న సంగతిలో అందరూ ఏకీభవించినట్టే. ఇది మంచి సంగతి.

బకాయిల చర్చ కూడా వృథా కాదు. 2025 అక్టోబరులో బిల్లులు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడు, కార్డు పట్టుకుని తిరిగినవారు పేదలే. అదే ఏడాది కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలన్న నిర్ణయం మీద పెద్ద వాదన జరిగింది. మన పులివెందుల కాలేజీ కూడా ఆ జాబితాలో ఉంది. సీట్లు ఎవరికి దొరుకుతాయి, ఫీజులు ఎంత అన్నది మన పిల్లల భవిష్యత్తు. అడగవలసినదే.

అయితే ఈ వాదనలన్నీ మనిషి ఆసుపత్రి మంచం ఎక్కిన తరువాత సంగతులు. మంచం ఎక్కకుండా ఆపే సంగతి ఎవరూ మాట్లాడరు. మంచి సమరయుని కథ మన సంఘాలలో చిన్నపిల్లలకు కూడా వచ్చు. ఆయన గాయపడినవానిని చూసి ఏమేమి చేశాడో వరుసగా తలచుకోండి. దగ్గరకు వెళ్లాడు. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించాడు. పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. ఆ రాత్రి తానే చూసుకున్నాడు. మరునాడు రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. మన కార్డు ఆ రెండు దేనారముల వంటిది. 108 వాహనం వంటిది. 2005 ఆగస్టు 15న అది మొదలైన నాటి నుండి ఎన్నో ప్రాణాలు నిలిపింది. మరి దారి మీద గాయం కట్టేదెవరు? ఇంటికి వచ్చాక తిరిగి వచ్చి చూసేదెవరు?

ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం. కొన్ని ఆపరేషన్ల తరువాత కొంతకాలం మందులు, పరీక్షలు ఇస్తారు. కానీ బి.పి., షుగరు ఉన్నవారు రోజూ వేసుకునే మాత్రలు ఆ లెక్కలో రావు. మన కుటుంబాలను నెలనెలా నలిపేది ఆ చిన్న ఖర్చులే: మాత్రలు, రక్త పరీక్షలు, బస్సు చార్జీలు, పోగొట్టుకున్న కూలి. 2013-14లో దేశంలో ఆరోగ్యం మీద అయిన ప్రతి వంద రూపాయలలో 64 రూపాయలు ప్రజలు జేబులోంచే పెట్టారని ప్రభుత్వ లెక్క. 2021-22 నాటికి అది 39కి తగ్గింది. తగ్గింది నిజమే. అయినా 39 అంటే తక్కువ కాదు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. ఓ.పి.లో రద్దీగా ఉన్నప్పుడు చీటీ రాసి, తరువాతి వారిని పిలుస్తాము. ఈ మాత్ర నెల రోజులకు కాదు, బాగున్నా మానకూడదు అని నిదానంగా చెప్పము. అవ్వ చీటీలో మందు పేరు ఉంది. ఎంతకాలమో అవ్వకు తెలియదు. పూర్వం మిషన్ డాక్టర్లు ఎడ్లబండ్ల మీద ఊళ్లకు వెళ్లేవారు. వేలూరులో ఐడా స్కడ్డర్ అమ్మగారు రోడ్డు పక్కన చెట్ల కింద రోగులను చూసేవారు. ఆమె కూడా ఒకనాడు కాలేజీకి పోకముందు, ప్రసవ సమయంలో సహాయం అందక ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు చనిపోవడం చూసి వైద్యం చదవాలని తీర్మానించుకున్నది. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో డాక్టర్ అరోలే దంపతులు 1970 నుండి, చదువు అంతగా లేని పల్లె స్త్రీలకే ఆరోగ్యం నేర్పి, ఊరికొక ఆరోగ్య కార్యకర్తను నిలిపారు. పెద్ద ఆసుపత్రి కంటె ముందు ఆ స్త్రీయే ఇంటి గుమ్మం తట్టేది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఏ పార్టీ వారు ఓటు అడగడానికి వచ్చినా, ఎన్ని లక్షలని మాత్రమే కాదు, మా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడుగునా బి.పి., షుగరు మాత్రలు తప్పకుండా ఉంటాయా అని అడుగుదాము. ఆ మాత్రలు ఉచితంగా ఇవ్వాలని, 30 ఏళ్లు దాటినవారికి పరీక్షలు చేయాలని కార్యక్రమం ఇప్పటికే ఉంది. అడిగేవారు లేకపోతే ఏ కార్యక్రమమైనా కాగితం మీదే నిలిచిపోతుంది.

సంఘ కుటుంబాలకు కొన్ని మనవులు:

మీ ఇంట్లో 30 దాటిన ప్రతివారికి ఏడాదికి ఒకసారైనా బి.పి., షుగరు చూపించండి. బి.పి. పలుమార్లు 140/90 లేదా అంతకు ఎక్కువ ఉంటే డాక్టరును కలవండి. డాక్టరు చెప్పకుండా మాత్ర మానవద్దు. డబ్బు లేక మానవలసి వస్తే సిగ్గుపడకుండా మాకు చెప్పండి; తక్కువ ధర మందు రాయగలము.

మూతి వంగినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా తెల్లవారనీ అని ఆగవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. కొన్ని రకాల పక్షవాతానికి ఇచ్చే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటలలోపే పనిచేస్తుంది. లక్షణం ఏ వేళకు మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి.

పథకం ఉన్న ఆసుపత్రిలో చేరినప్పుడు రేషను కార్డు, ఆధార్ తీసుకువెళ్లి, ముందుగా వైద్యమిత్రను కలవండి. మీ జబ్బు జాబితాలో ఉందా, ఏదైనా డబ్బు కట్టాలా అని అడగండి. డబ్బు అడిగితే రసీదు లేకుండా ఇవ్వవద్దు.

యౌవనస్థుల కూటాల వారికి ప్రత్యేకంగా ఒక మాట. మీలో కాలేజీ కోసం ఎదురుచూస్తున్నవారు నెలకొక ఆదివారం ఆరాధన తరువాత, వృద్ధుల మాత్రల పెట్టె చూసి, ఎన్ని మిగిలాయో ఒక పుస్తకంలో రాయండి. బి.పి. యంత్రం మేము ఇస్తాము, చూడడం నేర్పుతాము.

ఆ అమ్మాయి ఆ పుస్తకం ఇప్పటికే మొదలుపెట్టింది. మొదటి పేజీలో అవ్వ పేరు ఉంది. కిందటి ఆదివారం పెదనాయన తన చెయ్యి చాచి, "నాది కూడా చూడమ్మా" అన్నాడట. చూస్తే బి.పి. ఎక్కువగా ఉంది. ఆయనకూ తెలియదు. ఆ తరువాత మేనమామ కూడా కూర్చున్నాడు. ఆ సాయంత్రం టీవీలో ఏమి చర్చ జరిగిందో తమకు గుర్తు లేదని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

దేవుడు ఆ బిడ్డ చదువును, మీ కుటుంబాలను దీవించునుగాక.