అంబాసిడర్ వర్సెస్ ఎక్స్‌యూవీ700: కారుకి అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు?

ఫోన్ల కంపారిజన్లు బోలెడు చదివారు. ఈసారి కార్లు. ఒకవైపు హిందుస్థాన్ అంబాసిడర్, ఇంకోవైపు మహీంద్రా ఎక్స్‌యూవీ700. ఇదేం పోటీ అంటారా? స్పెక్స్ చూస్తే పోటీయే కాదు. అంబాసిడర్‌ది బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్, పాత మోడళ్లలో 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. 2014లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయేదాకా ఆ ఆకారం పెద్దగా మారనే లేదు. 2021లో వచ్చిన ఎక్స్‌యూవీ700 చూడండి: టర్బో పెట్రోల్‌లో 200 పీఎస్, పై వేరియంట్లలో రెండు 10.25 అంగుళాల స్క్రీన్లు, రాడార్-కెమెరాతో పనిచేసే ఏడాస్.

సేఫ్టీ దగ్గర అసలు చర్చే లేదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ దీనికి పెద్దవాళ్ల రక్షణలో 5 స్టార్లు ఇచ్చింది. మా వైజాగ్‌లో "పాత బండి అంటే ఉక్కురా, గుద్దితే ఎదుటోడికే దెబ్బ" అనే పెద్దలు ఇంకా ఉన్నారు. ఉక్కు ఊరు కదా, ఆ మాత్రం అభిమానం ఉంటుంది! కానీ బండి నలగకపోతే ఆ దెబ్బ లోపల కూర్చున్న మనిషికి చేరుతుంది. కొత్త కార్ల ముక్కు నలగడానికే డిజైన్ చేస్తారు. గాజువాక హైవేలో పోర్టు లారీల మధ్య ఎయిర్‌బ్యాగ్ లేని కారులో ఇంట్లోవాళ్లని తీసుకెళ్లమంటే నేనైతే వెళ్లను.

మరి ఈ ఆర్టికల్ ఎందుకు? ఏళ్లు గడిచాక ఏమవుతుంది అన్నది చూద్దామని.

మా మావయ్య స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఆయన అంబాసిడర్‌కి సముద్రపు గాలికి డోర్ల కింద తుప్పు పట్టేసింది. ఆటోనగర్‌లో ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టించారు. కార్బురేటర్ మొరాయిస్తే విప్పి పెట్రోల్‌తో కడిగేస్తారు. ల్యాప్‌టాప్‌తో పనే లేదు. మైలేజీ అడిగితే మాత్రం టాపిక్ మార్చేస్తారు.

మా ఫ్రెండ్‌ది నాలుగేళ్ల ఎస్‌యూవీ, కంపెనీ పేరు వద్దులెండి. మే నెల మిట్టమధ్యాహ్నం మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర స్క్రీన్ ఫ్రీజ్ అయింది. ఏసీ కంట్రోల్స్ అన్నీ అందులోనే! సర్వీస్ సెంటర్‌లో ఒకటే మాట: "యూనిట్ మొత్తం మార్చాలి సార్." ఆ బిల్లుకి ఒక ఫ్లాగ్‌షిప్ ఫోన్ వచ్చేది.

గెలాక్సీ ఎస్24కి, పిక్సెల్ 8కి 7 ఏళ్ల అప్‌డేట్లని కంపెనీలే ప్రకటించాయి. మూడేళ్లే అంటే మనం కామెంట్లలో ఉతికి ఆరేస్తాం. సొంత కారు రిజిస్ట్రేషనే 15 ఏళ్లు, ఫిట్‌నెస్ పాసైతే ఇంకో 5. మరి 20 లక్షల కారులో ఉన్న చిప్‌కి, ఈ-సిమ్‌కి, యాప్ సర్వర్‌కి ఎన్నేళ్లు గ్యారంటీ? నేను తిరగేసిన బ్రోషర్లలో ఆ లైనే లేదు. 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్క్‌లు మూసేసినప్పుడు చాలా కార్లలో కనెక్టెడ్ ఫీచర్లు పోయాయి. ఇంజిన్ బాగానే ఉంది, ఫీచరే చచ్చిపోయింది.

ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉంటే చాలు కదా అనొచ్చు. మ్యాప్స్‌కి, పాటలకి చాలు, పైగా ఫోన్ మారిస్తే అవీ కొత్తవైపోతాయి. ఏసీ, వైపర్లు, హజార్డ్ లైట్లు మాత్రం స్క్రీన్‌లోకి వెళ్లకూడదు. యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ లాంటి వాటికి విడిగా బటన్లు ఉంటేనే పూర్తి మార్కులంటోంది.

కొనమంటే నేను ఎస్‌యూవీయే కొంటాను. కాకపోతే సన్‌రూఫ్ గురించి అడిగే ముందు షోరూమ్‌లో మూడు అడుగుతాను: వారంటీ అయ్యాక స్క్రీన్ యూనిట్ రేటెంత, కనెక్టెడ్ సర్వీస్ ఫ్రీ ఎన్నాళ్లు, స్క్రీన్ ఆగిపోతే ఏసీ ఆన్ అవుతుందా. మూడోదానికి సేల్స్ వాళ్ల మాట వద్దు, టెస్ట్ డ్రైవ్‌లో స్క్రీన్ ఆఫ్ చేసి మీరే చూడండి.