వంటయింటి ముచ్చటలు: చలికాలపు గ్లూవైను

జర్మనీ దేశమున భర్తతో కాపురముండు ఒక సోదరి మాకొక జాబు వ్రాసినారు. డిసెంబరు నెలలో ఇరుగుపొరుగువారు తమ్ము పిలిచి, గ్లూవైనను వేడి పానీయముతో ఆదరించుచున్నారట. తామును ఒక సాయంకాలము వారిని పిలువవలెనట. ఆ సోదరి వైను ముట్టరు. పైగా ఇపుడు ఐదవ నెల గర్భవతి. "కాచిన తరువాత అందులో మత్తేమియు మిగులదు, నీవును ఒక గిన్నెడు త్రాగవచ్చును" అని పొరుగింటి వృద్ధురాలు చెప్పినదట. ఆ మాట నిజమా? తాము రుచి చూడని వస్తువును అతిథులకు రుచిగా చేయుటెట్లు? ఇవి ఆమె ప్రశ్నలు.

మొదటి దానికి వెంటనే సమాధానము చెప్పవలసియున్నది. ఆ మాట నిజము కాదు. వృద్ధురాలు ప్రేమతోనే చెప్పియుండును గాని, వేడిచేసినంత మాత్రమున మద్యసారము పోదు. అమెరికా వ్యవసాయశాఖవారి పట్టికను బట్టి, వంటకములో కలిపిన మద్యసారము పావుగంట సన్నని సెగపై ఉడికినను నూటికి 40 పాళ్లు, గంట ఉడికినను 25 పాళ్లు నిలిచియుండును. గ్లూవైనునైతే అసలు ఉడికింపనే ఉడికింపరు. కావున గర్భిణులును, పసివాండ్రును, ఆ రాత్రి కారు నడుపవలసినవారును దీనిని త్రాగరాదు. గర్భిణికి కొంచెమైనను వలదనియే వైద్యులు చెప్పుదురు. సోదరి ఈ విషయమున మొగమాటపడ నక్కరలేదు.

వైనును సుగంధద్రవ్యములతో కాచుట ఐరోపాలో క్రొత్త సంగతి కాదు. అపీసియసు పేర వెలసిన రోమను పాకశాస్త్రములోనే తేనె, మిరియములు, కుంకుమపువ్వు వేసి కాచిన వైను కలదు. ఆ మిరియములు మన దేశపు మలబారు తీరమునుండి ఓడలపై పోయినవే. నేటి గ్లూవైనులోని దినుసులును మన పోపులపెట్టెలో దొరకునవే గనుక మన స్త్రీలకు దీని తయారీ కష్టము కాదు.

అయినను మేము మొదటిసారి తప్పుచేసితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట మ్యూనికు నగరమున మా కుమార్తె యింటనుండగా, అలవాటు చొప్పున లవంగములు, దాల్చినచెక్క మెత్తగా దంచివేసి, చారువలె తెర్లకాచితిమి. పానీయము మడ్డిగా, చేదుగా తయారైనది. వచ్చినవారు మర్యాదకు రెండు గ్రుక్కలు త్రాగి గిన్నెలు బల్లపై నుంచిరి. దినుసులు దంచరాదు, వైను మరుగరాదు. ఈ రెండును మరువకున్న చాలును.

త్రాగనివారు చేయుటకు మేము తరువాత కనుగొన్న ఉపాయ మొకటి కలదు. దినుసుల కషాయమును ముందు వేరుగా కాచి, వైను కలుపకమునుపే రుచి చూచుకొనవలెను. రెండు నారింజపండ్ల రసమునకు ఒక గ్లాసెడు నీరు చేర్చి, రెండు దాల్చినచెక్క ముక్కలు, పది లవంగములు, రెండు అనాసపువ్వులు, నారింజ తొక్కను పైపైన పలుచగా చెక్కినది వేసి, సన్నని సెగపై పది నిమిషములు కాచవలెను. తొక్క లోపలి తెల్లని పొర పడినచో చేదెక్కును. తరువాత వడియగట్టి రెండు పాళ్లు చేయవలెను. ఒక పాలిలో నాలుగు పెద్ద చెంచాల చక్కెర కరగించి, నాలుక మీద చుక్క వేసికొని చూడవలెను. ఘాటును తీపియు మితిమీరి యున్నట్లు తోచినచో సరిపోయినదన్నమాట. వైనులో కలసినపుడు అది తగ్గును.

ఇందులో 750 మిల్లీలీటర్ల ఎఱ్ఱ వైను సీసా నొకదానిని పోయవలెను. ఖరీదైనది వలదు, తీపి లేనిది మేలు. పులుపుగల పానీయము గనుక స్టీలు గిన్నెయే వాడవలెను. కళాయి లేని ఇత్తడి పాత్రయు అల్యూమినియము పాత్రయు తగవు. మద్యసారము 78 డిగ్రీల వద్ద మరుగును గనుక 70 డిగ్రీలకు మించనీయరాదు. ఉష్ణమాపకము లేనిచో, ఆవిరి లేచి, అంచున బుడగలు పుట్టకమునుపే దింపి మూతపెట్టవలెను.

రెండవ పాలును మొదటిదానికంటె తక్కువగా చూడరాదు. అందులో ఒక లీటరు నల్లద్రాక్షరసము పోసి వేడిచేసి, తీపి విరుగుటకు ఒక నిమ్మకాయ పిండవలెను. ఇది పొంగినను భయము లేదు. జర్మనులును పిల్లలకు ఇట్టిదానినే కిండర్‌పున్షు అను పేర చేయుదురు. త్రాగనివారికి మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి మూల కూర్చుండబెట్టుట మాకు నచ్చని పద్ధతి. అందరి చేతిలోను ఆవిరులెగయు గిన్నె యుండవలెను.

అయితే రెండును చూపునకు ఒక్కటే రంగు. కావున గరిటెలు వేరుగా నుండవలెను, గిన్నెలును వేరు రంగులవై యుండవలెను. ఏది యేదో ఇంటి యజమానురాలు స్వయముగా చెప్పి అందీయవలెను. పిల్లలున్న ఇంట వైను గిన్నెను పొయ్యిమీదనే గాని బల్లమీద వదలరాదు. మిగిలినదానిని సీసాలో పోసి రెండు మూడు దినములు చల్లని పెట్టెలో నుంచి, మరల అదే విధముగ మెల్లగా వేడిచేయవచ్చును.

పిండివంటలేమి పెట్టవలెనని సోదరి అడుగలేదు గాని చెప్పెదము: జంతికలు చేయుడు, కారము కొంచెము తగ్గించి. మా కుమార్తె యింట పానీయము మిగిలినది గాని జంతికలు మిగులలేదు.