తాళాల గుత్తికి దక్కిన ఘనత

నడిబజార్లో ఓ మనిషి ఉన్నట్టుండి కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటాడు. నోట్లోంచి నురగ. చుట్టూ జనం మూగుతారు. 'తాళాలు... చేతిలో తాళాలు పెట్టండి!' గుంపులోంచి ఎవరో అరుస్తారు. ఎవరి జేబులోంచో తాళాల గుత్తి బయటికొస్తుంది. బిగుసుకున్న గుప్పిట విడదీసి మరీ అందులో పెడతారు. నిమిషం తిరక్కుండానే కొట్టుకోవడం ఆగిపోతుంది. 'చూశారా, ఇనుము తగలగానే ఎలా తగ్గిపోయిందో!' అనుకుంటూ ఎవరిదారిన వాళ్లు పోతారు. అక్కడే నిలబడి చూసిన పదేళ్ల పిల్లాడి బుర్రలో ఆ దృశ్యం ముద్రపడిపోతుంది. నలభై ఏళ్లొచ్చాక ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే వాడూ ముందు వెతికేది తాళాలే. 'ఫిట్స్‌కీ తాళాలకీ సంబంధమేంటండీ?' అని డాక్టరు అడిగేదాకా అనుమానమే రాదు.

పాపం, వాడి తప్పేముంది? కళ్లారా చూశాడు మరి! కిటుకంతా అక్కడే ఉంది. మెదడులోని నరకణాల్లో ఒక్కసారిగా చెలరేగే విద్యుత్ అలజడి వల్ల ఫిట్స్ వస్తాయి. చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. చేతిలో ఇనుముందా, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టారా, చెప్పు వాసన చూపించారా అన్నది మెదడుకు అనవసరం. జనం పోగై, తాళాలు వెతికి, గుప్పిట విప్పేసరికి ఆ రెండు నిమిషాలూ గడిచిపోతాయి. పేరు మాత్రం తాళాలకొస్తుంది.

పెడితే పెట్టారు, పోయేదేముంది అంటారా? ఉంది. అందరి దృష్టీ చేతిమీదే ఉంటే ముఖం సంగతి ఎవరికీ పట్టదు. వెల్లకిలా పడున్న మనిషి నోట్లోని నురగో, వాంతో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. మెల్లగా ఓ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తలకింద తువ్వాలో, చున్నీనో మడిచి పెట్టాలి. గడియారం చూస్తుండాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా స్పృహ రాకముందే మళ్లీ మొదలైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంతే. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. నాలుక మింగేస్తారేమోనని పళ్ల మధ్య చెంచా దూర్చడం ఇంకో పొరపాటు. నాలుక నోటి అడుగున అతుక్కుని ఉంటుంది. దాన్నెవరూ మింగలేరు. చెంచా వల్ల విరిగేది పళ్లే.

ఈ జబ్బు మీది అపోహ వీధి దగ్గరే ఆగలేదు. చట్టందాకా వెళ్లింది. తరచూ మూర్ఛలు రావడాన్ని హిందూ వివాహ చట్టం పెళ్లికి అనర్హతగా లెక్కగట్టేది. 1999లో సవరణ చేసి ఆ మాట తొలగించారు. మందులు సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురు ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అయినా సంబంధాలు చూసేటప్పుడు దాచేవాళ్లకు కొదవలేదు. దాచాక ఏమవుతుంది? అత్తారింట్లో ఎవరైనా చూస్తారేమోనని కొత్తకోడలు మాత్రలు మానేస్తుంది. మానేస్తే తగ్గిన ఫిట్స్ తిరగబెడతాయి. ఏది బయటపడకూడదనుకున్నారో అదే బయటపడుతుంది.

పాముకాటు సంగతీ ఇలాంటిదే. మంత్రం వేయించుకుని బతికినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, నిజంగానే బతికారు. కాకపోతే కరిచింది ఏ జెర్రిపోతో, నీరుకట్టో అయ్యుంటుంది. మనదేశంలో 300కు పైగా పాము జాతులుంటే వాటిలో ఎక్కువశాతం విషం లేనివే. విషమున్న పాము కూడా కాటేసిన ప్రతిసారీ విషం ఎక్కించదు. పసరు తాగినా, తాగకపోయినా వీళ్లంతా బతికేవాళ్లే. మంత్రం ఫలించక పోయినవాళ్లు తిరిగొచ్చి సాక్ష్యం చెప్పరు కదా! 2000 నుంచి 2019 దాకా మనదేశంలో పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలమంది ఉంటారని 2020లో వెలువడిన ఓ అధ్యయనం లెక్కగట్టింది.

సినిమా హీరో గాటుపెట్టి, నోటితో విషం పీల్చి ఉమ్మేస్తాడు. నిజజీవితంలో అలా విషం బయటికి రాదు. పైగా రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, గాటుపెడితే నెత్తురు ఆగదు. కాటుకు పైన తాడు బిగించి కట్టడం బడి పుస్తకాల్లో చదివినట్టు చాలామందికి గుర్తు. అలా కడితే రక్తప్రసారం ఆగి కాలో చెయ్యో కుళ్లిపోయే ప్రమాదముంది. ధైర్యం చెప్పి, నడవనివ్వకుండా, విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద ఆనించి, కదపకుండా ఆసుపత్రికి చేర్చాలి. వాపు వస్తుంది కాబట్టి ఉంగరాలూ, మెట్టెలూ, పట్టీలూ ముందే తీసేయాలి. పామును చంపి సంచిలో వేసుకెళ్లాల్సిన పనిలేదు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, దాని చిన్న బంధువైన మరో పింజర... ఈ నాలుగింటికీ ఒకటే. కట్లపాముతో మాత్రం మరింత జాగ్రత్త. రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం. అజీర్తి అనుకుని సోడా తాగించే ఇళ్లూ ఉన్నాయి.

కాలిన చోట టూత్‌పేస్టు, సిరా పూయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కుళాయి కింద ఇరవై నిమిషాలు పెడితే చాలు. ఐసుముక్క కూడా వద్దు.

చంటిపిల్లలకు విరేచనాలైతే నీళ్లు మాన్పించడం మాత్రం వీటన్నిటికంటే ప్రమాదం. తాగినకొద్దీ పోతున్నాయి, కాబట్టి తాగించకపోతే ఆగుతాయని పెద్దవాళ్ల లెక్క. వినడానికి సబబుగానే ఉంటుంది! కానీ ప్రాణం తీసేది విరేచనాలు కాదు, ఒంట్లో నీరూ ఉప్పూ తరిగిపోవడం. 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ, గ్లూకోజూ, వంటసోడా నీళ్లలో కలిపించి, డ్రమ్ముల్లో నింపించి తాగించారు. నూటికి ముప్ఫైమంది దాకా పోతున్న చోట ఆ సంఖ్య నాలుగులోపుకు దిగింది. 2022లో ఆయన కన్నుమూశారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్ ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ఇప్పుడు, సగం రేపు అంటూ పొదుపు చేస్తే పాళ్లు తప్పుతాయి. అది దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. తల్లిపాలు ఆపకూడదు. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, మళ్లీ చెంచా చెంచాగా పట్టాలి. కలిపిన నీళ్లు ఇరవైనాలుగ్గంటలు దాటితే పారబోసి కొత్తగా కలుపుకోవాలి.